కొట్టు ముందు లైను

ఆ రోజు పొద్దున రామబ్రహ్మానికి ఉన్న పనులు మూడే. కొట్టులో పనికిరాని పాత పంపులు బయట పెట్టడం, షట్టరు దించడం, ఇంటికి పోయి పడుకోవడం. మొదటి రెండూ తేలికే. మూడోది అతనికి అలవాటు లేని పని.

నరసరావుపేట బస్టాండు దగ్గర సందులో అతనిది మందు కొట్టే పంపులు బాగుచేసే కొట్టు. పత్తికో మిరపకో పురుగు పట్టిందంటే చుట్టుపక్కల ఊళ్ళ రైతులు పంపు వీపున తగిలించుకుని బస్సు దిగి నేరుగా అతని దగ్గరకే వస్తారు. వచ్చినవాడు కూర్చోడు. "చేలో కూలోళ్ళు కూర్చోనున్నారు, తొందరగా కానియ్ రామబ్రహ్మం" అంటూ నెత్తిమీద నిలబడతాడు. తొలకరి నుంచి మిరప కోతల దాకా ఇదే వరస. ఎండాకాలం వస్తే మాత్రం కొట్టులో ఈగ కూడా వాలదు. అయినా రామబ్రహ్మం పొద్దున్నే షట్టరెత్తి పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. ఎందుకయ్యా అంటే, "మూస్తే బాగోదు గదా" అనేవాడు. ఎవరికి బాగోదో అతనికీ తెలియదు.

ఈ ఏడాది తల తిరుగుతోందని డాక్టరమ్మ దగ్గరకు పోతే ఆమె చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పెదవి విరిచింది. బీపీ ఉన్నదంది. రెండు వారాలు పూర్తిగా విశ్రాంతి తీసుకుని రమ్మంది. తగ్గితే సరే, తగ్గకపోతే రోజూ ఒక బిళ్ళ, బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలంది.

"పంపులో ప్రెజరెక్కువైతే మూత కాస్త వదులు చేస్తామమ్మా. దీనికట్టాంటిదేం లేదా?" అని అడిగాడు రామబ్రహ్మం.

"ఉంది. అదే విశ్రాంతి" అంది ఆమె.

రామబ్రహ్మానికి బిళ్ళంటే హడలు. అతని పెద్దన్న కూడా ఒక్క బిళ్ళతోనే మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన పెళ్ళికి పోయినా బిళ్ళల డబ్బా చంకలో పెట్టుకుని పోతాడు. విస్తరి ముందు కూర్చుని ముందు బిళ్ళలు ఏరుకుని, ఆకలి మిగిలితే అన్నం తింటాడు. ఆ బతుకు తనకొద్దనుకున్నాడు రామబ్రహ్మం. రెండు వారాలు కొట్టు మూయడానికి ఒప్పుకున్నాడు.

మూసేముందు కొట్టు శుభ్రం చేద్దామని, పెచ్చులూడి, అడుగు చిల్లులు పడి, ఎవరూ తీసుకుపోని పంపులన్నీ బయటకు తెచ్చాడు. పాత సామాన్ల ఖాసింకి ఫోను చేశాడు. "ఇప్పుడే ఆటో ఏసుకుని వస్తా అన్నా, బయట పెట్టి పో" అన్నాడు ఖాసిం. రామబ్రహ్మం పంపులను షట్టరు ముందు నుంచి సందు మలుపు దాకా ఒకదాని వెనక ఒకటి, మూతులన్నీ ఒకే వైపు ఉండేట్టు పేర్చాడు. కుప్ప పోయడం అతని చేత కాదు. కొట్టులో వాషర్లు కూడా చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది అని వరసలోనే ఉంటాయి. పేర్చి, ఒకసారి వెనక్కి జరిగి చూసుకుని, వంకరగా ఉన్న ఒకదాన్ని సరిచేసి, షట్టరుకు తాళం వేసి ఇంటికి పోయాడు. పక్కనే ఉన్న అబ్దుల్ జబ్బార్ టీ కొట్టు అప్పటికింకా తెరవలేదు.

ఇంటి దగ్గర అనసూయ అంతా సిద్ధం చేసి ఉంచింది. వసారాలో నవారు మంచం వాల్చింది. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టింది. మొగుడి చేతిలో ఫోను తీసుకుని వంటింట్లో బియ్యం డబ్బాలో లోతుగా పాతిపెట్టింది.

"ఎవరన్నా ఫోను చేస్తే ఎట్టాగే?" అన్నాడు రామబ్రహ్మం.

"బియ్యం మాట్టాడతయ్. నువ్వు పడుకో."

అతను పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా పగలంతా ఏదో ఒకటి పట్టుకుని ఉన్న చేతులు. గుండెల మీద పెట్టుకుంటే శవంలా ఉంది. పక్కన పెట్టుకుంటే కిందకి జారుతున్నాయి. ఆఖరికి మంచం నవారు ఒకచోట వదులైందని కనిపెట్టి దాన్ని బిగించడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా చప్పుడు?" అని వంటింట్లోంచి కేక వచ్చింది.

"ఏం లేదే. నిద్రపోతున్నా."

అతను అటు నిద్రతో కుస్తీ పడుతుండగా ఇటు కొట్టు దగ్గర జరిగిందంతా అతనికి తర్వాత జబ్బార్ పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఖాసిం ఆటో టైరు సత్తెనపల్లి రోడ్డులో పేలిపోయింది. అందుకని పంపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ముప్పాళ్ళ నుంచి ఏదో పని మీద వచ్చిన ఇమ్మానుయేల్ అనే రైతు ఆ దారిన పోతూ ఆ వరస చూశాడు. మూసిన షట్టరు, దాని ముందు వరసగా సామాన్లు. పల్నాటి రైతుకు ఇంతకంటే ఏం చెప్పాలి? యూరియా అయినా, విత్తనాలైనా, ఏమిస్తున్నారని ఆరా తీసి వచ్చేలోపు అయిపోతాయి. కాబట్టి ముందు చెప్పులు లైనులో పెట్టాలి, ఆ తర్వాత అడగాలి. ఇమ్మానుయేల్ తన చెప్పులు విడిచి ఆఖరి పంపు వెనక పెట్టి, నీడకు పోయి నిలబడ్డాడు.

ఇంకొకడు వచ్చాడు. తన సంచి చెప్పుల వెనక పెట్టి, "ఏమిస్తున్నారన్నా?" అన్నాడు.

"తెలవదు. ముందున్నయ్యన్నీ పంపులే. పంపుల సంగతే అయ్యుంటది."

"పాతయ్యి పెట్టారంటే కొత్తయ్యి ఇస్తారన్నమాట" అన్నాడు మూడోవాడు.

నాలుగోవాడు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊళ్ళో పెళ్ళాంతో చెబుతున్నాడు. "ఏమే, గొడ్లపాకలో పాత పంపుంటది చూడు. పిల్లోడికిచ్చి బస్సెక్కించు. కొత్తది ఇస్తన్నారు."

జబ్బార్ టీ కొట్టు తెరిచేసరికి లైను సందు మలుపు తిరిగింది. అందరూ అతని మీద పడ్డారు. "పక్కనే గదా నీ కొట్టు, నీకు తెలవకుండా ఉంటదా? ఎన్నింటికి తెరుస్తారు? బ్యాటరీయ్యా, చేతియ్యా?" జబ్బార్‌కు ఏమీ తెలియదు. కానీ పక్క కొట్టు సంగతి తెలియదని చెప్పుకోవడం టీ కొట్టువాడికి తలవంపులు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "చెప్పగూడదు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అనుమానం ఉన్నవాళ్ళకు కూడా నమ్మకం కుదిరింది. జబ్బార్ రెండో పాల క్యాను తెప్పించి, రామబ్రహ్మానికి ఫోను చేశాడు. బియ్యం గుర్రుగుర్రుమన్నాయి. అనసూయ వినలేదు. ఆమె పెరట్లో ఆవకాయకి కాయలు కొడుతోంది.

ఇంటి దగ్గర రామబ్రహ్మానికి అప్పుడే కునుకు పట్టబోతోంది. అనసూయ తమ్ముడు ఆనంద్ బాబు మోటారుసైకిలు హారను కొట్టుకుంటూ వచ్చాడు.

"బావా, బావా! ఇంట్లో పాత పంపేమన్నా ఉందా?"

"ఎందుకురా?"

"పాతది ఇస్తే కొత్త బ్యాటరీ పంపు ఇస్తన్నారంట. ఊరంతా అక్కడే ఉంది. ఆ పెరట్లోది తీసుకుపోతన్నా."

రామబ్రహ్మం లేచి కూర్చునేలోపు బామ్మర్ది పెరట్లో మొక్కలకు నీళ్ళు కొట్టే పంపు ముందు టాంకీ మీద పెట్టుకుని పోయాడు. రామబ్రహ్మం మళ్ళీ పడుకున్నాడు. నిద్ర రాలేదు కానీ ఆలోచన వచ్చింది. అందరికీ కొత్త పంపులిస్తే పాత పంపు బాగుచేయించుకునేదెవరు? 

ఎదురింటి మున్నీ గుమ్మంలోంచి తొంగి చూసింది. "అన్నా, నిద్రపోతున్నావా?"

"పోతున్నానమ్మా."

"అయితే లేవమాక. మా తమ్ముడు గురజాల నుంచి ఫోను చేశాడు. పాత పంపిస్తే కొత్త పంపు, ఒక పరదా పట్టా, పైన రెండు లీటర్ల మందు కూడా అంట గదా. నీ కొట్టులో పడున్నయ్యి ఒకటి ఇస్తావేమోనని."

"ఎక్కడమ్మా ఇచ్చేది?" రామబ్రహ్మం గొంతు అప్పటికే మారింది.

"బస్టాండు దగ్గరంట అన్నా. మీ కొట్టు పక్కనే ఎక్కడో."

రామబ్రహ్మం చెవుల్లో దిబదిబమని మొదలైంది. ఎవడో తన పక్కనే కొట్టు పెట్టాడు. తాను మూసిన రోజే తెరిచాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి పడుకుంటే ఇదా జరిగేది! ఇంక తొలకరి వచ్చినా తన షట్టరు ముందు ఎవడూ నిలబడడు. తొందరగా కానియ్ అనేవాడే ఉండడు. అప్పుడు రోజూ విశ్రాంతే.

చప్పుడు కాకుండా లేచి తలకు తువాలు చుట్టుకున్నాడు. కానీ అనసూయ చెవులు పెరట్లోంచి కూడా పనిచేస్తాయి.

"ఎక్కడికి?"

"పెరుగు ప్యాకెట్టు తెస్తానే."

"ఫ్రిజ్జులో ఉంది."

"ఇంకోటి" అని గేటు దాటాడు. ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా కారంలో ఉన్నాయి. పట్టుకోవడానికి వీలు పడలేదు.

ఆ కొట్టు ఎక్కడో ఎవరినీ అడగనవసరం లేకపోయింది. వీపున పంపులు తగిలించుకుని పోయేవాళ్ళ వెనకే నడిచాడు. వాళ్ళు బస్టాండు వైపు తిరిగారు. తానూ తిరిగాడు. వాళ్ళు తన సందులోకి తిరిగారు. తానూ తిరిగాడు. సందు నిండా జనం. తువాళ్ళ తలలు, గొడుగులు, నడుమ మజ్జిగ ప్యాకెట్లు అమ్మేవాడొకడు. ముందేముందో కనపడలేదు. పక్కనుంచి దూరబోతే ఇమ్మానుయేల్ అడ్డం వచ్చాడు. చెప్పులు పెట్టిన మొదటి మనిషి కాబట్టి ఆయన అప్పటికే లైనుకి పెద్ద అయిపోయాడు. చేతిలో బాల్‌పెన్ను కూడా ఉంది.

"ఏందయ్యా పెద్దాయనా, దూరతన్నావ్? చెయ్యి చాపు."

"ఎందుకు?"

"నెంబరు. నీ పంపేది?"

"పంపు లేదయ్యా. నేను..."

"చెప్పులున్నయ్ గదా. పెట్టు లైన్లో."

ఎందుకు విడిచాడో రామబ్రహ్మానికే తెలియదు. అంతమంది చూస్తుంటే విడిచాడంతే. ఇమ్మానుయేల్ అరచేతి మీద నెంబరు వేశాడు. కాళ్ళు కాలుతుంటే ఒక కాలు మీద నిలబడి మెడ చాచి చూసిన రామబ్రహ్మానికి అప్పుడు కనబడింది, జనం తలల మీదుగా, ఆకుపచ్చ రంగు షట్టరు. దాని మీద అతను స్వయంగా పెయింటు వేయించిన పేరు.

"ఆ కొట్టు నాదయ్యా!" అన్నాడు.

"ఆహా. పొద్దుట్నుంచి నువ్వు నాలుగోవోడివి" అన్నాడు ఇమ్మానుయేల్. "ఇందాక ఒకాయన ఓనరు బామ్మర్దినన్నాడు. ఆయన్ని కూడా ఎనక్కే పంపినా."

"వాడు నిజంగానే నా బామ్మర్ది!"

"మరింకేం, ఇద్దరూ ఎనకాలే ఉండండి. తోడుంటది."

లైను మధ్యలోంచి ఆనంద్ బాబు చెయ్యి ఊపాడు. "బావా, నువ్వు కూడా వచ్చావా? నీ నెంబరెంత?"

రామబ్రహ్మం అరిచాడు, బతిమాలాడు, షట్టరు మీద పేరు చదివి చూపించాడు. "పేరు మేమూ చదివాం, అందరికీ వచ్చు చదవడం" అన్నారు. లోపల వాషర్లు ఏ గోడకున్నాయో చెబుతానన్నాడు. "లోపలేముందో అందరికీ తెలుసు, కొత్త పంపులు" అన్నారు. చెవుల్లో దిబదిబ కణతల దాకా పాకింది. డాక్టరమ్మ బిళ్ళ కళ్ళ ముందు గుండ్రంగా, తెల్లగా తిరిగింది.

సరిగ్గా అప్పుడు ఖాసిం వచ్చాడు. టైరు మార్పించుకుని, ఆలస్యమైందన్న కంగారులో, ఎవరినీ చూడకుండా ఆటో వెనక్కి పెట్టి, వరసలో ముందున్న పంపు ఎత్తి ఆటోలో పడేశాడు. రెండోది ఎత్తాడు. మూడోది ఎత్తేలోపు జనం అతన్ని ఎత్తారు.

"పట్టుకోండి! ముందు నెంబర్లోళ్ళ పంపులు ఎత్తుకపోతన్నాడు!"

"నాయ్యే అన్నా ఇవి! రామబ్రహ్మం అన్న ఎత్తుకపొమ్మన్నాడు, అల్లా మీదొట్టు!"

"పట్టపగలు, ఇంతమంది ముందర! ఏం ధైర్యంరా నీది!"

ఈ గోలకు బస్టాండు దగ్గరి హెడ్‌కానిస్టేబులు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. ఖాసింని ఒక పక్క నిలబెట్టి లైనుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఎవరిదయ్యా ఈ కొట్టు? ఇంతమందిని ఎండలో నిలబెట్టి షట్టరేసుకుని కూర్చున్నాడు. ఎవరన్నా పడిపోతే ఎవడిది పూచీ? ఓనరు మీద కేసు రాయాల్సిందే. ఏడీ ఓనరు?"

అరగంట నుంచి నాది నాదని గొంతు చించుకున్న రామబ్రహ్మం చప్పున నోరు మూసుకున్నాడు.

ఇమ్మానుయేల్ అతని వైపు తిరిగాడు. "ఇందాక నీదన్నావ్ గదా?"

"నువ్వు నమ్మలేదు గదా" అన్నాడు రామబ్రహ్మం.

ఆ మాటతో బయటపడేవాడే. కానీ గొంతు గుర్తుపట్టిన ఖాసిం ఒక్కసారిగా, "అన్నా! రామబ్రహ్మం అన్నా! నువ్వు చెప్పన్నా వీళ్ళకి!" అని ఏడుపు మొహంతో కేక పెట్టాడు. టీ కొట్టులోంచి జబ్బార్ కూడా, "అన్నా, నువ్వెప్పుడొచ్చావ్! పొద్దుట్నుంచి ఫోను చేస్తన్నా" అన్నాడు. జనమంతా వెనక్కి తిరిగి, తలకు తువాలు, అరచేతి మీద నెంబరు, కాళ్ళకు చెప్పులు లేని ఆ మనిషిని చూసి దారి ఇచ్చారు.

రామబ్రహ్మం మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి తీశాడు. షట్టరెత్తాడు. ముందున్నవాళ్ళు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడి లోపలికి తొంగి చూశారు. ఒక బల్ల, ఒక స్టూలు, గ్రీజు డబ్బా, గోడకు వరసగా వాషర్లు. అంతే.

అందరూ ఒకేసారి అందుకున్నారు.

"కొత్త పంపులేయి?"

"ఎవరన్నారు కొత్త పంపులని?"

"జబ్బార్ చెప్పాడు!"

"నేనా? నేను చెప్పగూడదని చెప్పినా!"

"మొదలు ఈ ఇమ్మానుయేలే పెట్టాడు!"

"నేను చెప్పులే పెట్టినా" అన్నాడు ఇమ్మానుయేల్ రోషంగా. "పంపులు పెట్టిందెవరో ఆయన్నడుగు. ఏమయ్యా రామబ్రహ్మం, పాత సామాన్లకేసే పంపుల్ని లైన్లో ఎవడన్నా పెడతాడా? కుప్ప పోసుంటే మేం ఇటు చూసేవాళ్ళమా?"

హెడ్‌కానిస్టేబులు కూడా ఆ మాట న్యాయంగానే ఉందన్నట్టు తల ఊపాడు. కుప్ప పోయడం రామబ్రహ్మం చేత కాదంటే ఎవరు నమ్ముతారు? జనం ముందుకు జరిగారు. అతను స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పుడు గుంపు వెనక నుంచి గొడుగొకటి అందరి తలలనూ పొడుచుకుంటూ వచ్చింది. గొడుగు కింద అనసూయ. మోచేతుల దాకా కారం అలాగే ఉంది. ఆమెకు దారి ఎవరూ ఇవ్వనక్కరలేకపోయింది, ఆ చేతులు చూసి వాళ్ళే తప్పుకున్నారు.

"ఏందయ్యా," అంది మొగుడితో, "పెరుగు ప్యాకెట్టు దొరికిందా?"

రామబ్రహ్మం నెంబరున్న అరచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

ఆమె జనం వైపు తిరిగింది. "ఈ మనిషికి బీపీ. డాక్టరమ్మ రెండు వారాలు పడుకోమంది. లేకపోతే బతికినన్నాళ్ళూ బిళ్ళ మింగాలంది. ముప్పై ఏళ్ళు మీ పంపులు చేసీ చేసీ తెచ్చుకున్న బీపీ. తొందరగా కానియ్, తొందరగా కానియ్ అని నెత్తిన నిలబడింది మీరే. ఒక్క పూట పడుకుంటే ఊరంతా వచ్చి లేపారు. ఇంకేమన్నా కావాలా?"

గుంపు మెత్తబడిపోయింది. బీపీ లేని ఇల్లు ఆ లైనులో ఒక్కటి కూడా లేదు. వెల్లుల్లి తినమన్నారొకరు. ఉప్పు మానమన్నారొకరు. హెడ్‌కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకుని, తనకూ ఉందని, ఏ బిళ్ళ వేసుకుంటాడో చెప్పి, కేసు సంగతి మరిచిపోయి, జబ్బార్ దగ్గర చక్కెర లేని టీ తాగి పోయాడు.

ఇమ్మానుయేల్ మాత్రం కదలలేదు. వెనక పడున్న పంపులనూ, పైన ఎండనూ చూశాడు.

"అది సరే రామబ్రహ్మం. ఇయ్యన్నీ మళ్ళీ మోసుకుని బస్సెక్కమంటావా ఈ ఎండలో? ఎట్టాగూ వానలు పడగానే నీ దగ్గరికే తేవాలి. ఇక్కడే ఉంచుతాం. తొలకరికి అందితే చాలు. నిదానంగా చెయ్యి."

నిదానంగా అనే మాట ఒక రైతు నోట వినడం రామబ్రహ్మానికి అదే మొదలు. ఇంకోసారి చెప్పించుకున్నాడు.

సాయంత్రానికి జనం పోయారు, పంపులు మిగిలాయి. బల్ల కింద, బల్ల మీద, గోడవార, గుమ్మం దాకా. ఖాసిం ఆ అడవిలో చాలాసేపు తిరిగి, "అన్నా, ఇందులో నాయ్యేయి?" అన్నాడు. రామబ్రహ్మం కూడా చూశాడు. రైతులు తెచ్చినవాటిలో సగం, తాను పారేసినవాటికంటే అధ్వాన్నంగా ఉన్నాయి. ఖాసిం ఖాళీ ఆటోతో పోయాడు. రామబ్రహ్మం చెప్పులు కూడా ఎవరివో కాళ్ళతో ఏ ఊరో పోయాయి.

ఆ ఎండాకాలం అతను రోజూ కొట్టుకు పోయాడు. అనసూయ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు క్యారేజీ పట్టుకుని వచ్చి చూస్తే షట్టరు సగం దించి ఉంది. లోపల, పంపుల మధ్య మనిషి పట్టేంత జాగాలో గోనెపట్టా పరుచుకుని, చేతిలో ఒక నాజిలు పట్టుకుని మొగుడు గుర్రు పెడుతున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న గొడవ లేదు. తొందరగా కానియ్ అనేవాడు లేడు. పంపులు గుమ్మానికి అడ్డంగా ఉండటంతో కబుర్లకు వచ్చేవాడు కూడా లోపలికి రాలేడు. ఆమె క్యారేజీ గుమ్మంలో పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

గడువు కాగానే భార్యాభర్తలిద్దరూ డాక్టరమ్మ దగ్గరకు పోయారు. ఆమె పట్టీ చుట్టి, గాలి కొట్టి, ఒకసారి చూసి, నమ్మక మళ్ళీ కొట్టి చూసింది.

"పూర్తిగా దిగిందండీ. బిళ్ళ అక్కర్లేదు. చూశారా, పని మానేసి విశ్రాంతి తీసుకుంటే ఎంత తేడా ఉంటుందో!"

రామబ్రహ్మం అనసూయ వైపు చూశాడు. అనసూయ గోడ మీది గడియారం వైపు చూసింది.

"ఆ సంచిలో ఏంటి, పాత రిపోర్టులా?" అంది డాక్టరమ్మ, అతను ఒళ్ళో పదిలంగా పట్టుకున్న గుడ్డసంచి చూసి.

"కాదమ్మా, కొత్త చెప్పులు. మీ గుమ్మం ముందర విడిస్తే ఎనకాల లైను కడతారు."